తలుపు చాటు జవాబులు

ఇంజెక్షన్ వేసే ముందు నర్సు స్పిరిట్‌లో తడిపిన దూదితో చెయ్యి తుడిచినప్పుడల్లా, ఆ చల్లదనం కన్నా ముందు ఆ వాసన నన్ను గురజాలలో మేం చదివిన హైస్కూలు సైన్సు గదికి లాక్కుపోతుంది. నలభైల నాటి మాట. స్పిరిటు దీపం నీలంగా మండుతుంటే, గాజు గొట్టంలోంచి బొగ్గుపులుసు వాయువు బుడగలు బుడగలుగా సున్నపుతేటలోకి దిగి, ఆ తేట పాలలా మారుతుంటే క్లాసంతా ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. గోడవారగా విడిగా వేసిన బల్ల మీద ఒక్కతే కూర్చునేది మా చెల్లెలు కనకం. మా వైపు ఆడపిల్ల ఆరో ఫారం, అంటే స్కూలు ఫైనలు దాకా రావడమే వింత. అంతకన్నా వింత, తన కన్నా రెండేళ్ళు పెద్దవాణ్ణయిన నేను రెండుసార్లు తప్పి, తనతో పాటే ఆ క్లాసులో కూర్చోవడం.

"ఒరేయ్, ఇంటికెళ్ళి మీ చెల్లెల్ని అడిగి నేర్చుకో" అని మాస్టారు అంటే పిల్లలంతా నవ్వేవాళ్ళు. బండి మీద నరసరావుపేటకు మిరపకాయలు తోలుకెళ్ళిన నాయన తిరిగొస్తూ నాకు చొక్కాగుడ్డ, కనకానికి రూళ్ళ పుస్తకం తెచ్చేవాడు. నాకు ఆ పుస్తకం మీద ఆశ లేదు. దాన్ని చెల్లెలి చేతిలో పెడుతున్నప్పుడు ఆయన మొహంలో కనబడే వెలుగు కావాలి నాకు.

మిరపకోతల కాలంలో, కళ్ళాల్లోంచి వచ్చే ఘాటుకు తుమ్ముకుంటూ, నాయనమ్మ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, నా స్నేహితులు సాయంత్రాలు మా అరుగు మీద చేరేవాళ్ళు. ప్రశ్న నన్నడిగేవాళ్ళు. జవాబు మాత్రం తలుపు చాటున గోంగూర గిల్లుతున్న కనకం దగ్గర్నుంచి వచ్చేది. దానికి బదులుగా, ఇంగ్లీషు బాగా వచ్చిన కోటయ్య తన వ్యాసాలు లోపలికి వినబడేలా గట్టిగా చదివేవాడు. పోనుపోను వాళ్ళు నా మొహం చూడడం మానేశారు. "ఏమ్మా కనకం, ఆమ్లజని తయారుచేసేది ఎట్టా?" అంటూ నేరుగా తలుపునే అడిగేవాళ్ళు. మా ఇంటి అరుగు మీద నేనే పరాయివాణ్ణయ్యాను.

ఒకరోజు కోటయ్య తలుపు సందులోంచి ఒక కాయితం లోపలికి తోసి వెళ్ళిపోయాడు. కనకం కన్నా ముందు నేను తీశాను. పల్నాటి బావినీళ్ళలో సబ్బుకు ఎందుకు నురగ రాదో రెండు పక్కలా రాసి, చివర "తప్పులుంటే దిద్దు చెల్లెమ్మా" అని ముగించాడు. మొత్తం చదివాను. చదివి, అక్షరం ముక్క రాని నాయనమ్మ చేతికిచ్చాను.

"కోటయ్య చెల్లికి కాయితం రాసిచ్చాడు నాయనమ్మా."

అందులో అబద్ధం లేదు. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి పొయ్యిలో పడేసింది. "ఏమే, చదువు పేరు చెప్పి నువ్వు చేసే పని ఇదటే?" అంది.

పొలం నుంచి వచ్చిన నాయనకు నాయనమ్మ ఆ సంగతి చెప్పింది. ఆయన ముందు కనకం ఏడవలేదు. నా వైపు తిరిగి, "అన్నయ్యా, అందులో ఏముందో నువ్వు చెప్పు" అంది.

"నేను చూళ్ళేదు" అన్నాను.

నాయన రూళ్ళ పుస్తకాన్ని తీసి గూట్లో పెట్టేశాడు. "ఇంక చాల్లేమ్మా. రేపట్నుంచి బడికి పోమాక" అన్నాడు.

పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. ఆ మర్నాటి నుంచి అరుగు మీదికి ఎవరూ రాలేదు. గెలిచాననుకున్నాను. కానీ పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. వారం తిరక్కుండా ఆ తలుపు దగ్గరికే వెళ్ళి నిలబడ్డాను. కనకం నా మొహం చూడలేదు. "చదువు, ఏ ప్రశ్న?" అంది, అంతే. పరీక్షల దాకా రోజూ చెప్పింది.

నేను పాసయ్యాను. అడిగే దిక్కు లేక కోటయ్య సైన్సులో తప్పాడు. నాయన వీధంతా బెల్లం పంచుతుంటే, కనకం మొదటి ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. నాయన చూపు మాత్రం తన మీదే ఉంది. ఆ క్షణంలో కూడా నాకు కడుపు మండిందంటే నమ్ముతారా?

ఆ వేసవిలోనే తనకు క్రోసూరు సంబంధం చేశారు.

మా అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. ఆరో ఫారం అన్నా, ఆక్సిజన్‌ని ఆమ్లజని అన్నా ఇప్పటి పిల్లలకు తెలియదు. కనకం పోయి మూడేళ్ళయింది. తను బతికుండగా ఒక్కసారైనా నిజం ఒప్పుకుందామని ఎన్నిసార్లు క్రోసూరు వెళ్ళానో! వెళ్ళిన ప్రతిసారీ తను కొసరి కొసరి వడ్డిస్తే కడుపునిండా తిని, ఆ మాట ఎత్తకుండానే బస్సెక్కి వచ్చేశాను.