చూడని వెలుగు

ఈ మాటను ఇన్నేళ్లూ నా గుండెలోనే మోశాను. ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నేను మంచివాడినని మా వీధంతా నమ్ముతుంది. అది ఇంకో బరువు.

మాది గద్వాల. మగ్గం పని. మా చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. ఆ రెండింటినీ పోగుకు పోగు మెలివేస్తూ నేయడం ఒక్కరి వల్ల కాదు. నేను మగ్గంలో కూర్చుంటే నా భార్య పద్మ అంచు పక్కన కూర్చుని అడ్డపోగు నడిపే నాడె అందించేది. ఎనభైల మొదట్లో మాకు ఒక బిడ్డ. ఇంకా సరిగా మాటలు రాని పిల్ల. ఒకరోజు పొద్దున్నే దాని ఒళ్లు జ్వరంతో కాలిపోతుంటే దవాఖానకు పోదామని పద్మ అంది. చీర కొంగు దాకా వచ్చింది, మగ్గం మీంచి దించేసి సాయంత్రం పోదామన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. సాయంత్రానికి పిల్ల మాకు దక్కలేదు.

ఆ తర్వాత పద్మకు నిద్ర పట్టేది కాదు. మా వెనక వీధిలో రిటైరైన బడిపంతులు ఒకాయన గురువారాలు ధ్యానం నేర్పేవాడు. మనసు కుదుటపడుతుందని ఎవరో అంటే ఇద్దరం పోయాం. కళ్లు తెరిచాక ఒక్కొక్కరూ తమ అనుభవం చెప్పాలి. అది అక్కడి పద్ధతి. ఒకరికి నీలం కాంతి, ఒకరికి ఇంటి దేవుడు. నా వంతు వచ్చింది. నిజానికి నాకు కనబడింది కళ్ల ముందు చీకటి, తెలిసింది మోకాళ్ల నొప్పి. నలుగురితో పాటు నారాయణ అనుకుని, నుదుటి దగ్గర తెల్లటి వెలుగు కనబడిందన్నాను. అదృష్టవంతుడివన్నారు. ఎంత హాయిగా ఉందో ఆ మాట! సిగ్గు విడిచి చెబుతున్నాను. మరుసటి గురువారం ఆ వెలుగును ఇంకాస్త పెద్దది చేశాను.

పద్మ మాత్రం ప్రతిసారీ ఉన్నదున్నట్టు చెప్పేది. తనకేమీ కనబడలేదని. అందరూ జాలిగా చూసేవాళ్లు. ఒకనాడు మగ్గం దగ్గర నాడె అందించబోయి చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది.

"నీకు కనవడ్తది, నాకెందుకు కనవడ్తలేదు?"

నేను పోగులు సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను.

"బిడ్డ నా వల్లనే పోయిందా? గా పాపం అడ్డమొస్తుందా? నిజం చెప్పు."

అప్పుడు నేనేం చెప్పాలి? ఆ పొద్దున ఆపింది నేనని ఆమెకూ తెలుసు. కానీ తాను గట్టిగా పట్టుబట్టలేదన్నదే ఆమె బాధ. నా అబద్ధం బయటపడుతుందన్న భయం నాకు. అంతకంటే లోపల, ఆ తప్పు ఆమె మీదే ఉండిపోతే నాకు తేలిక అన్న నీచమైన ఆలోచన కూడా ఉందా? ఉంది. ఇప్పుడైనా దాయను.

"నీ మనసుల ఏదో మైల ఉన్నట్టుంది పద్మా. గది పోతెనే కనవడ్తది" అన్నాను.

ఆమె నాడె అందించింది. ఆ రోజు నుంచి ధ్యానానికి రాలేదు. ఒక్కపూటే తిని ఉండే ఒక్కపొద్దులు మొదలుపెట్టింది. మైల పోవాలని వారంలో ఒక్కొక్క రోజే పెంచుకుంటూ పోయింది. వద్దని గట్టిగా అనలేకపోయాను, అనాలంటే నిజం చెప్పాలి. పక్కపక్కనే కూర్చుని ఎన్నో చీరలు నేశాం. పని మాటలు తప్ప మరేమీ మాట్లాడుకోలేదు. తొంభైల్లో ఆమె కూడా పోయింది. జబ్బేమిటో డాక్టర్లు చెప్పారు. అది వేరే సంగతి.

ఒంటరిగా మళ్లీ పంతులు దగ్గరికి పోయాను. కూర్చుంటే చాలు, మనసు నేనన్న ఆ మైల మాట దగ్గరికే పరుగెత్తేది. నన్ను నేను తిట్టుకుంటూ లేచిపోయేవాడిని. సంగతి చెప్పలేదు, కుదరడం లేదని మాత్రం అన్నాను. ఆయన నవ్వి, "పోగు తెగితే మగ్గాన్ని తంతవా? అతుకుతవు. మనసు గూడ గంతే. తిట్టకు, మెల్లగ తోల్కరా" అన్నాడు. అలాగే చేశాను. మెల్లగా అలవాటైంది. ఇప్పుడు ఆ తప్పు గుర్తొస్తే పారిపోను, చేశానని ఒప్పుకుని దాని పక్కనే కూర్చుంటాను. కానీ ఇది దయేనా, లేక వయసు మీద పడ్డవాడి సౌకర్యమా? నామీద నేను చూపించుకుంటున్న ఈ కాస్త మెత్తదనమే ఆ రోజు ఆమె నన్ను అడిగింది. ఇవ్వడానికి నాకు ఖర్చేమీ లేదు. ఇవ్వలేదు.

మగ్గం అమ్మేశాను. ఇల్లు బోసిపోయింది. ఇది మీకు చెబుతూ చెబుతూ, మొదటిసారి ఆమెతో కూడా పైకే అన్నాను. "పద్మా, నాకు ఏ వెలుగూ కనవడలే. అబద్ధమాడిన. నీ మనసుల ఏ మైలా లేకుండె."

జవాబు రాదని తెలుసు. అయినా ఇంకోసారి అన్నాను.