చమురు డబ్బు మీద ఈర్ష్య

బాగ్దాద్ ఆర్థికశాఖలో కాంట్రాక్టు గుమాస్తా అబూ గాయిబ్ టీని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతాడు. యుద్ధం తర్వాత దేశాన్ని మళ్లీ కట్టుకోవడానికి దాచిన చమురు డబ్బు అమెరికాలో ఉంది. దాన్ని ఏ కోర్టూ జప్తు చేయకుండా అక్కడి అధ్యక్షుడు ఏటా మే నెలలో అత్యవసర ఉత్తర్వు పొడిగిస్తాడు. దాని ప్రతిని ఫైల్లో పెట్టేది ఇతనే. పెట్టినప్పుడల్లా కడుపు మండుతుంది.

"డబ్బుకైతే గడువు తీరకముందే పొడిగింపు. నా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఆగస్టు దాకా దేవుడికే తెలియాలి!"

"డబ్బు మీద కూడా ఏడుపేనా బాబాయ్?" అంది పక్క సీటు ఉమ్ రాద్.

ఈసారి తన పొడిగింపు దరఖాస్తును ఆ ఉత్తర్వుకే గుండుసూదితో గుచ్చి పైకి పంపాడు. సాయంత్రానికి రెండూ తిరిగొచ్చాయి. ఉత్తర్వు ప్రతి మీద చూసినట్టుగా మంత్రిగారి సంతకం ఉంది. దరఖాస్తు మీద ఎర్రసిరాతో ఒకే మాట ఉంది: "ఇది అత్యవసరం కాదు."