కొండ మీద మామిడి మొక్క

మా నాన్న పెంచిన మామిడిచెట్టును అన్నయ్య నన్ను అడగకుండా కొట్టించేశాడు. గది వేసుకోవడానికి అడ్డమట. అవి డెబ్భైల చివరి రోజులు. నేను ఒమాన్‌లో, సముద్రం ఒడ్డునున్న ఖబూరా ఆసుపత్రిలో నర్సుని. అందరం క్షేమం అని రాశాక, ఉత్తరం అడుగున ఒక్క వాక్యంలో ఆ సంగతి చెప్పాడు. ఆ వాక్యం నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అంతకుముందు సెలవులో నేను తెచ్చుకున్న మూడు టెంకల్లో ఒకటి మొలిచింది. పాలపొడి డబ్బాలోని ఆ మొక్క తప్ప మా నాన్న చెట్టుది ఇంకేమీ మిగల్లేదు.

అది మోకాలెత్తు పెరిగేసరికి నన్ను జబల్ అఖ్దర్ కొండ మీది చిన్న వైద్యశాలకు బదిలీ చేశారు. నా తర్వాత చేరినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లను కదపలేదు.

నా రూమ్‌లో ఉండే కోనసీమ నర్సు డబ్బా పట్టుకుంది.

“అక్కా, ఇది నాకిచ్చెళ్లు. ఆ చలికి చచ్చిపోద్ది.”

“నీకా? నేను సెలవుకెళ్తే నా కరివేపాకు మొక్కని ఎండబెట్టావు.”

“అమ్మో, ఇంకా అదేనా! యేసయ్యైనా క్షమిస్తాడు గానీ నువ్వు వదలవు.”

“ఎండింది ఆయన మొక్క కాదుగా.”

జీపులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కొండెక్కాను.

అక్కడ నా క్వార్టర్ వెనక రెండు మంచాలు పట్టేంత నేల ఉండేది. మొక్కను అందులో నాటాను. పక్క తోట ఒక ముసలాయనది. దానిమ్మ, అక్రోటు, వాళ్లు మిష్‌మిష్ అనే ఆప్రికాట్ చెట్లు. కాలువ నీళ్లు ఊళ్లో వంతులవారీగా పారేవి. తన వంతులోంచి నాకు రోజూ రెండు బకెట్లు తోడుకోనిచ్చేవాడు. మొక్కను చూసిన రోజే అన్నాడు:

“సిస్టర్, దీన్ని సముద్రం దగ్గరకు పంపెయ్. నీకు మిష్‌మిష్ మొక్క ఇస్తాను.”

నేను వచ్చీరాగానే నా మొక్కకు వంకపెట్టాడని మనసులో పెట్టుకున్నాను.

వానలు వెనకపట్టాక పాదు తవ్వి ఎరువు వేయడం మా నాన్న పద్ధతి. నవంబరులో నేనూ అలాగే తవ్వి, మేకల ఎరువు వేసి, నీళ్లు పెట్టాను. మూడు వారాల్లో రాగిరంగు చిగురు వేసింది. పసిపిల్ల చెవుల్లా మెత్తగా ఉన్నాయి ఆకులు. ముసలాయన్ని పిలిచి మరీ చూపించాను. ఆయన నవ్వలేదు.

“మా చెట్లు చూడు. ఆకులు రాల్చి పడుకున్నాయి. చలి ముందు చెట్టును పస్తుపెట్టి పడుకోబెడతాం. నువ్వు తిండిపెట్టి లేపావు.”

“మీ చెట్లు సోమరివి,” అన్నాను, నాకొచ్చిన అరబీలో.

“నాలాగే,” అని వెళ్లిపోయాడు.

చలి ముదిరాక మందుల పెట్టెల్లో వచ్చిన ప్లాస్టిక్ కాగితం మొక్కకు చుట్టాను. ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ చూస్తే బకెట్లో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. ప్లాస్టిక్ విప్పాను. చిగురంతా ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడుతోంది.

కాండాన్ని గోటితో గీరితే లోపల పచ్చగా ఉండాలి, ఉంటే బతికినట్టే. కొసన గీరాను, గోధుమరంగు. జానెడు కింద గీరాను, అదే రంగు. వారం రోజులు, రోజుకింత కిందకి గీరుతూ వచ్చాను. చివరికి నేల తగిలింది.

ఖబూరా నుంచి ఉత్తరం వచ్చింది. ‘మొక్క ఎలా ఉందక్కా?’ అని. దానికి జవాబు రాయలేదు. ఖబూరాలోనే ఉంటే అది బతికేది. ఆ సంగతి నాకు జీపెక్కేటప్పుడే తెలుసు.

చచ్చిన మొక్కను పీకేసిన రోజు ముసలాయన మిష్‌మిష్ మొక్కతో వచ్చాడు. వేళ్లకు తడి గోనె చుట్టి తెచ్చాడు.

“గొయ్యి ఎలాగూ ఉందిగా, సిస్టర్.”

“వద్దు.”

ఆయన దాన్ని మా మధ్య రాతిగోడ మీద పెట్టి వెళ్లాడు. మనసు మారితే నాటుకుంటాననుకుని ఉంటాడు. రెండో రోజుకి గోనె ఆరిపోయింది. బకెట్టు పక్కనే ఉంది. నేను ముట్టుకోలేదు. నాలుగో రోజు ఆయనే వచ్చి, ఎండిన ఆ పుల్లను పొయ్యిలోకి తీసుకెళ్లాడు.