అమ్మకు నాన్న కట్టిన చీర

నాన్న మిలిటరీలో లారీ డ్రైవరు. నా చిన్నప్పుడు ఆయన సెలవు మీద వచ్చిపోయే మనిషి. ఉన్నన్నాళ్లూ అమ్మ వెనకే వంటింట్లో తిరిగేవాడు. రిటైరయ్యాక మార్టూరు దగ్గర మా ఊళ్లోనే ఉండిపోయి మిరప వేశాడు. సరిహద్దు సంగతులు అడిగితే చలి గురించి తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదు.

మిరప కోతలప్పుడు అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక కొన్నాళ్లు నేను దగ్గరున్నాను. తిరిగి ఒంగోలు వెళ్లే ముందు, “ఇక నైటీలు వేసుకోమ్మా, తేలిగ్గా ఉంటుంది” అన్నాను. చీర లేకుండా వీధి గుమ్మంలోకి కూడా రాని మనిషి. మొహం గోడవైపు తిప్పుకుంది.

నాన్న అది చూశాడు. “చీర కట్టడం నాకు నేర్పు” అన్నాడు.

“నీకా నాన్నా?”

“ఏం, నాకు చేతుల్లేవా?”

నా డ్రెస్సు మీదే చీర చుట్టుకుని చూపించాను. ఆయన రెండుసార్లు చూసి, అమ్మను మంచం పట్టుకుని నిలబడమని, కట్టడం మొదలుపెట్టాడు.

“లారీకి పట్టా కడుతున్నావా? ఊపిరాడటం లేదయ్యా!” అంది అమ్మ ముద్దమాటలతో. జబ్బు చేశాక ఆమె నవ్వడం అదే మొదలు.

తర్వాత చాలారోజులు పొద్దున్నే వీడియో కాల్ చేసేవాడు. “కుచ్చిళ్లు జారిపోతున్నాయే, ఎక్కడ తప్పిందో చూడు” అనేవాడు. రానురాను ఆ ఫోన్లు తగ్గాయి. చీరాల్లో ఒక పెళ్లిలో ఎవరో, “చీర ఎవరు కట్టారు వదినా, ఎంత బాగా కుదిరిందో!” అంటే, అమ్మ పది మందికీ వినపడేలా “ఇంకెవరు, మీ అన్నయ్యే” అంది. నాన్న తలెత్తకుండా పెరుగన్నం తింటున్నాడు.

పోయిన ఏడు ఒక ఉదయం చేలో నీళ్లు పెడుతూ గుండె ఆగి పడిపోయాడు. చుట్టుపక్కల ఊళ్ల మాజీ సైనికులు వచ్చి వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. కుర్చీలో ఉన్న అమ్మ తనను లేపమని నాతో అంది. వాళ్లు చేతులు దించేదాకా నా భుజం పట్టుకుని నిలబడింది.

సాయంత్రం అమ్మకు స్నానం చేయించి చీర మారుస్తామని ఆడవాళ్లు వచ్చారు.

“ఇది పొద్దున ఆయన కట్టింది. ఇవాళ్టికి ఉండనివ్వండమ్మా” అంది.

 మర్నాడు ఎడమచేత్తో ఆ కుచ్చిళ్లు తనే విప్పుకుంది. పడిపోకుండా నేను పక్కన నిలబడ్డాను.