చాయ్‌పెట్టె చిలుకలు

సూర్యాపేట బస్టాండు ఎదుటి హోటల్లో వంటమేస్త్రీ మంగయ్యకు చెక్క గురించి తెలిసిందంతా పొయ్యి నేర్పిందే. మంచి చెక్క అంటే మంట నిలిచే చెక్క. తుమ్మ ఉత్తమం, చింత మధ్యమం, మిగతావన్నీ దండగ. ఈ శాస్త్రాన్ని ఎవరూ కాదనేవారు కాదు. కాదన్నవాడి ఇడ్లీకి సాంబారు ఆలస్యంగా వచ్చేది మరి.

ఇంకో గుణం కూడా ఉంది మహానుభావుడికి. ‘నాకు రాదు’ అన్న మాట ఆయన నోట ఎన్నడూ వెలువడలేదు. ఇంట్లో గోడగడియారం విప్పాడు, మళ్ళీ బిగించలేదు. బాగుచేస్తానని పక్కింటి బీరన్న రేడియో తీసుకున్నాడు. పాపం బీరన్న ఇప్పటికీ వార్తలు వినడానికి వీధి చివరిదాకా నడుస్తాడు.

ఎనభై ఏడులో బిడ్డ యాదమ్మకు కోదాడలో, అత్తగారింట సీమంతం జరిగింది. పంక్తిలో కూర్చున్న మంగయ్య ఎవరూ అడక్కుండానే ప్రకటించాడు.

"కాన్పయిన ఇరవై ఒకటో నాడు, ఉయ్యాల్ల ఏసే తొట్టెలకు మీరు సూర్యాపేట వస్తరు గద! తొట్టెలకు కట్టే చిలుకలు టేకుతోని నా చేత్తో నేనే కోస్త."

వియ్యపురాలు కొమురమ్మ పప్పు వడ్డిస్తూ నవ్వింది. "గరిటె తిప్పినంత తేలికేంటి అన్నయ్యా? చూద్దాంలే."

ఆ ‘చూద్దాంలే’ మంగయ్య గుండెలో ముల్లులా దిగింది. చెయ్యి కడుక్కుని నేరుగా కోదాడ బజారుకు పోయాడు. వంకీ చట్రం మధ్య దారమంత బ్లేడు బిగించే ఫ్రెట్ రంపం అడిగాడు.

"మొదటిసారాండీ?" అన్నాడు దుకాణదారు. "అయితే మధ్యరకం బ్లేళ్ళు తీసుకోండి. మరీ సన్నవి పుటుక్కున తెగుతాయి, లావువి ఒంపు తిరగవు. పళ్ళు కిందికి చూసేటట్టు బిగించండి. ముందు మెత్తటి, పల్చటి చెక్క మీద చెయ్యి తిప్పుకోండి."

‘మొదటిసారా’ దగ్గరే మంగయ్య చెవులు మూతపడ్డాయి. "నాది సన్న పని. అన్నిట్లకు సన్నయి ఇయ్యి" అని ఒక కట్ట కొనుక్కొచ్చాడు.

ఇంట్లో ఉన్న టేకు ఒకే ఒక్క పలక. భార్య మణెమ్మ తల్లిగారింటి పాత తలుపులోది. అది పోతే మళ్ళీ దొరకదు. మొగుడి చేతిలో రంపం చూడగానే ఆమె ఆ పలకను చీరల పెట్టె కిందికి తోసి, పెట్టె మీద తాను కూర్చుంది.

"గడియారం సంగతి నాకెరుకే. ముందుగాల ఒక్క చిలుకను సక్కగ కోసి సూపియ్యి. అప్పుడు ముట్టు దీన్ని."

మంగయ్య పొయ్యిశాస్త్రం తిరగేసి తుమ్మచెక్క ఎంచుకున్నాడు. "గట్టిదాని మీద నేర్సుకుంటే టేకు వెన్నపూస లెక్క తెగుతది సూడు!"

మొదటి తోపుకే బ్లేడు తెగింది. రెండోది బిగించేలోపే తెగింది. మూడోదాన్ని పళ్ళు పైకి పెట్టి బిగించాడేమో, లాగినప్పుడల్లా చెక్క బల్ల మీద కప్పలా ఎగిరింది. కట్ట ఖతం. బస్సు కండక్టరుతో కోదాడ నుంచి అన్నిటికంటే లావు బ్లేళ్ళు తెప్పించాడు. అవి తెగలేదు, కానీ బెజవాడ రోడ్డులా తిన్నగా పోయాయే తప్ప ఎక్కడా మళ్ళలేదు.

"ఏందిది?" అంది మణెమ్మ, వచ్చినదాన్ని అటూ ఇటూ తిప్పి.

"చిలుక."

"మెడేది?"

"లోపల ఉన్నది. ఇంకా బయటికి రాలే."

మణెమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది. మంట మాత్రం బాగా నిలిచింది.

ఇంతలో యాదమ్మకు ఆడపిల్ల పుట్టింది. తొట్టెల దగ్గరపడింది, చిలుక జాడ లేదు. మంగయ్యకు అన్నం సహించలేదు. తెల్లవారి హోటల్లో పొయ్యి రాజేయడానికి ఎప్పటిలాగే ఖాళీ చాయ్‌పత్తా పెట్టె విరిచాడు. పల్చటి ప్లైవుడ్డు. ఆయన లెక్కలో అది చెక్కే కాదు, చాయ్ మసిలేలోపు బూడిదయ్యే చెత్త. చేతిలో ముక్క పట్టుకుని ఆగిపోయాడు. మెత్తనిది, పల్చనిది. దుకాణదారు మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పూట కండక్టరును పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. "మొదటిసారి కోసేటోళ్ళకు మధ్యరకం బ్లేళ్ళు ఉంటయట. ఎవరికో కావాల్నట, జర పట్టుకరా."

ఈసారి పళ్ళు కిందికి పెట్టాడు. తోస్తే బ్లేడు తెగింది, తోయడం మానేస్తే సాఫీగా నడిచింది. రంపం ఉన్నచోటే ఆడాలి, తిరగాల్సింది చెక్క అని చేతికి తెలియడానికి రెండు పెట్టెలు పట్టింది. మొదటి పక్షి కోడిలా వచ్చింది, రెండోది కాకిలా. తర్వాత ఒక జత వచ్చింది. మణెమ్మ చాలాసేపు చూసి "చిలుకలే" అంది. పెట్టె జరిపి టేకు పలక తెచ్చి ముందు పెట్టింది.

మంగయ్య చిలుకను పలక మీద ఉంచి చుట్టూ పెన్సిలు గీశాడు. అంచున బ్లేడు ఆనించి రెండుసార్లు ఆడించాడు. గీత పక్కకు జారింది. వెనకటి మంగయ్య అయితే ఇంకా గట్టిగా తోసేవాడు. ఈ మంగయ్య రంపం కింద పెట్టాడు.

"మణెమ్మా, దీన్ని లోపల పెట్టు. నాకింకా రాదు."

ముప్పై ఏళ్ళ కాపురంలో వినని మాట. జ్వరమేమోనని మణెమ్మ మొగుడి నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది. ఆమెకు ఆ ఘడియ మొగుడి మీద పుట్టెడు ప్రేమ పొంగింది, పైకి మాత్రం "అన్నం తిను" అంది.

తొట్టెల నాడు కొమురమ్మ రాగానే చిలుకను చేతిలోకి తీసుకుని తిరగేసింది. పొట్ట మీద పెట్టె తాలూకు నల్లటి అక్షరాలు సగం సగం కనిపిస్తున్నాయి.

"టేకన్నారు కదా అన్నయ్యా? ఇదేంటీ?"

టేకుకు చెదలు పట్టిందని చెప్పడానికి మణెమ్మ నోరు తెరిచింది. మంగయ్య ముందే చెప్పేశాడు.

"చాయ్‌పెట్టె చెక్క సెల్లె. నేర్సుకునేటోళ్ళది. టేకు మీద కోసుడు నాకింకా రాదు. టేకు చిలుకలు రెండో కాన్పుకు కోస్త."

కోదాడ నుంచి మోసుకొచ్చిన ఎకసెక్కాలన్నీ కొమురమ్మకు నోట్లోనే ఉండిపోయాయి. రానిది రాదన్నవాణ్ణి ఏమని దెప్పుతుంది?

మంచం మీదినుంచి యాదమ్మ లేచింది. "నువ్వు నేర్సుకునేతందుకు నేనింకోసారి కనాల్నా, నాయినా?"

ఇల్లు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది కొమురమ్మే. నవ్వుతూనే చిలుకలు రెండింటినీ తన చేత్తో తొట్టెలకు కట్టింది. దూరం జరిగి పరీక్షగా చూసింది.

"బాగున్నాయి అన్నయ్యా. ముక్కు మాత్రం ఇంకాస్త వంగాలి."

"అవు సెల్లె," అన్నాడు మంగయ్య. "గా ఒంపు నాకింకా రాలే."

మూడోసారి ఆ మాట అనడం ఆయనకు పెద్ద కష్టంగా అనిపించలేదు.