బాగ్దాద్‌లో పనిచేసిన మా ఆంటీ

ఢిల్లీలోని మునీర్కాలో ఒంటరిగా ఉంటున్న మా ఆంటీ పోయిన వారం చనిపోయారు. ముందురోజు కూడా ఎవరికో బీపీ చూశారని, కబురు చెప్పిన పక్కింటివాళ్లు అన్నారు.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఆ పక్కనే బేర్ సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న రోజుల్లో మా కింది వాటాలో ఉండేవారు. గుంటూరు మనిషి. ఎనభైల్లో బాగ్దాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో, పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి వచ్చారు. మా సందులో ఏ విద్యార్థికి జ్వరం వచ్చినా ఆవిడ దగ్గరికే పరుగు. మాత్ర ఇచ్చేముందు "ఏం తిన్నావ్?" అని అడిగేవారు. టీ తాగానంటే మాత్ర పక్కనపెట్టి పెరుగన్నం కలిపేవారు. ఆ అన్నం తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

రెండువేల మూడులో, ఇరాక్ మీద అమెరికా బాంబులు పడుతున్న రోజుల్లో ఢిల్లీలో ఎక్కడ చూసినా ఊరేగింపులే. మా సందులో విద్యార్థి నాయకుడిగా తిరిగే తెలుగు కుర్రాడొకడు వచ్చి, "ఆ ఊళ్లో ఉండొచ్చారు, మీరే మాట్లాడాలి ఆంటీ" అని బతిమాలాడు. ఆవిడతో నేనూ వెళ్లాను. వేదిక మీద ఆ దేశాధినేత నిలువెత్తు బొమ్మ ఉంది. దానికి పూలదండ.

ఆంటీ హిందీలో మాట్లాడారు. వార్డులోని పిల్లల గురించి చెబుతుంటే జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఆవిడ బొమ్మ వైపు తిరిగి, డ్యూటీలో ఉన్న మా వార్డు డాక్టరుగారిని ఈయన మనుషులు పట్టుకుపోయారు, మళ్లీ రాలేదు, బాంబులు వెయ్యడం ఎంత తప్పో ఈయనకి దండ వెయ్యడమూ అంతే తప్పు అన్నారు. చప్పట్లు ఆగిపోయాయి. "అమెరికా కీ ఏజెంట్ హై" అని ఎవరో అరిచారు. పిలిచిన కుర్రాడే మైకు లాక్కున్నాడు.

"ఇప్పుడా మాటలెందుకు ఆంటీ? అవతలివాళ్లకి పనికొస్తాయి."

"ఎవరికి పనికొచ్చుద్దో చూసుకుని చెప్పాలా బాబూ, పోయినాయన సంగతి?"

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇంటి ఓనరు గుమ్మంలో కూర్చున్నాడు. యుద్ధం జరగాల్సిందేనని రోజూ వాదించే మనిషి. ఆ ఇరాక్‌వాళ్ల కోసం రోడ్డెక్కేవాళ్లకి నా ఇంట్లో చోటు లేదు, ఖాళీ చెయ్యమన్నాడు. సభలో ఏం జరిగిందో చెప్పబోయాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లారు.

"వాళ్లు నన్ను తిట్టారని చెప్పి ఇల్లు నిలబెట్టుకోమంటావా అమ్మాయ్? అప్పుడు నేను ఈయన మనిషినవుతా. ఒద్దులే."

మొన్న సంతాప సభ పెట్టారు. ఆ కుర్రాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, పేరూ వచ్చింది. యుద్ధాన్ని ఎదిరించిన వీరనారి అని ఆవిడను పొగిడాడు. నేను లేచి ఆనాటి సంగతి చెప్పాను. "సంతాప సభలో అవన్నీ ఎందుకండీ" అని మెల్లగా అన్నాడతను.

ఆంటీ అనగానే నాకు మాత్రం ఆ ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది. బాగ్దాద్ పడిపోయింది. టీవీలో జనం ఆసుపత్రులు దోచుకుని మంచాలు తోసుకుపోతున్నారు. సగం కట్టిన మూటల మధ్య కూర్చుని ఆవిడ చూస్తున్నారు.

"అయ్యి పిల్లల మంచాలు" అన్నారు. "పక్కన కమ్మీలున్నాయి చూడు, దొర్లి పడకుండా."

తెర మీద ఒక మంచం చక్రం గుంతలో ఇరుక్కుంది. తోస్తున్నవాడు రెండుసార్లు గుంజి చూశాడు. తర్వాత వంగి, మంచాన్ని తిరగేసి నెత్తిన పెట్టుకుని, ఎండలో అలా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.