మా బావ సరిదిద్దిన నంబర్లు

తమిళనాట ధర్మపురి బస్టాండు వెనక రాజమాణిక్కం టైపురైటింగు ఇన్‌స్టిట్యూటులో పదకొండేళ్లు టైపు నేర్పినవాణ్ణి నేను. పేరు సీనప్ప. 1987లో మూడు కంప్యూటర్లు వచ్చి నా గదిలో సగం ఆక్రమించినప్పుడు నాకు కడుపు మండింది, దాచుకోవడం ఎందుకు. పైగా వాటి ముందు కూర్చున్నది మా అక్క కూతురు సౌభాగ్యమే. నా దగ్గర టైపు హయ్యర్ ప్యాసైన పిల్ల, నా మిషన్లను వదిలేసి ఆ పెట్టెలకు అతుక్కుపోయింది.

ఆ పెట్టెలైనా ఒక జాతివా అంటే కాదు. ఓనరు రాజమాణిక్కం ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొన్నాడు. ఒకటి మద్రాసుది, ఒకటి సేలంది, ఒకటి బెంగళూరుది. మూడింటి లోపలా మూడు వేరు వేరు చిప్పులు. ఒకదానికి రాసింది ఇంకొకదానికి ఎక్కదు. పెట్టెకు చెప్పే ఒకే పాఠాన్ని మూడుసార్లు రాయలేక సౌభాగ్యం తనే ఒక చిన్న భాష కల్పించింది. చుక్క, గీత, తిరుగు, మళ్లీ, ఇలాంటివి ఇరవై మాటలు. మాటలు తెలుగువే, కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లో. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం గాని చదవడం ఎవరికి వచ్చు గనక?

ఆ మాటల్ని చిప్పుకు అర్థమయ్యే అంకెల్లోకి మార్చడానికి ఆ పిల్లే ఒక ప్రోగ్రాం రాసింది. అది పాఠమంతా ముందే మార్చిపెట్టుకోదు. అంత చోటు ఆ పెట్టెల్లో లేదు. ఏ మాట నడవాల్సి వస్తే ఆ మాటను అప్పటికప్పుడు మార్చి నడిపిస్తుంది. మార్చినదాన్ని దగ్గర పెట్టుకుని, అదే మాట మళ్లీ వస్తే దాన్నే వాడుతుంది. చోటు నిండితే పాతవి పారేస్తుంది.

ఇది నా బుర్రకు ఎక్కలేదు. సౌభాగ్యం తండ్రికి, అంటే మా బావ నారాయణసామికి, ఒక్క క్షణంలో ఎక్కింది. ఆయన కారిమంగళం సంతలో ఎద్దులు కొనడానికి వచ్చే కన్నడం వాళ్లకూ, అమ్మే తమిళం వాళ్లకూ మధ్య దుబాసీ.

"ఇది నేను చేసే పనే కదరా సీనప్పా. ఎద్దు కొనే గౌడ ఒక మాటంటే నేను అప్పుడే అరవంలో చెప్తాను. ఇంట్లోనే అంతా చెప్పుకొని సంతకు పోతానా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన కంప్యూటర్ నిపుణుడైపోయాడు. సంత లేని రోజు తెల్ల పంచె కట్టుకుని వచ్చి, కూతురి వెనక స్టూలు వేసుకుని కూర్చుని తల ఊపేవాడు.

ఆ ప్రోగ్రాం బాగోగులు చూసుకోవడం మాత్రం తల ఊపినంత సులువు కాదు. భాషలోకి ఒక కొత్త మాట తెస్తే దానికి మూడు చిప్పులకూ మూడు పట్టికల్లో అంకెలు రాయాలి. మద్రాసు పెట్టెలో కుదిరింది సేలం పెట్టెలో బెడిసికొట్టేది. సేలం పెట్టెను బుజ్జగిస్తే బెంగళూరు పెట్టె అలిగేది. ముగ్గురు అల్లుళ్లను ఒకే పండక్కి పిలిచినట్టు ఉండేది ఆ పిల్ల అవస్థ.

ఇంతలో కంప్యూటర్ డిప్లొమాకు అనుమతి ఇవ్వాలా వద్దా అని చూడటానికి సేలం నుంచి సదాశివం అనే ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. సౌభాగ్యం చదువు ఎస్సెల్సీతో సరి. ఓనరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆఫీసరు మెచ్చితే ఆమే ఇన్‌స్ట్రక్టరు. మెచ్చకపోతే సేలం నుంచి బి.ఎస్సీ. చదివినవాణ్ణి తెస్తాడు, ఆమె వెళ్లి వాళ్ల మామ పక్కన, అంటే నా పక్కన, జనాల అర్జీలు కొట్టుకోవచ్చు. అర్జీలు కొట్టడం అంత తీసిపారేసిన పనా అని నాకు ఒళ్లు మండింది. కానీ ఆ పిల్ల మొహం చూసి నోరు మూసుకున్నాను. ఆ కుర్చీ పోతే అది బతికి ఉండదేమో అన్నట్టుంది.

ఒకే పాఠంతో మూడు తెరల మీదా ఒకే ముగ్గు వేయించి చూపాలని అనుకుంది. అంతా సిద్ధమైంది. ఆఫీసరు వచ్చే ముందురోజు పొద్దున మూడు పట్టికలున్న క్యాసెట్టు పెట్టి నొక్కితే నాదస్వరం వచ్చింది.

అప్పట్లో ప్రోగ్రాంలన్నీ పాటల క్యాసెట్లలోనే దాచేవాళ్లు. ఓనరు తల్లి పాప్పాత్తి ఆ క్యాసెట్టు వేసి విందట. కీచుమని అరుస్తుంటే పాడైపోయిందనుకుని, అదియమాన్‌కోట్టై గుడిలో తన అన్న కొడుకు వాయించిన నాదస్వరం మొత్తం దానిమీద ఎక్కించింది. అడిగితే, "బాగా వాయించినాడు కదా?" అని ఎదురు అడిగింది.

అదృష్టం కొద్దీ ప్రోగ్రాం వేరే క్యాసెట్టులో ఉంది, పట్టికలు నోటుబుక్కులో ఉన్నాయి. సౌభాగ్యం ముగ్గు పాఠం సరిచూసుకుంటుంటే బావ అంకెలు చదివాడు, నేను కొట్టాను. పధ్నాలుగు వందల అంకెలు. నేను తెర వైపు కూడా చూడలేదు. టైపిస్టన్నవాడు కొడతాడు గాని ఆలోచించడు, అది నా గర్వం. పట్టికలు క్యాసెట్టుకు ఎక్కించగానే కరెంటు పోయింది. నడిపించి చూసుకునే వీలు లేకపోయింది.

మర్నాడు సదాశివం వచ్చాడు. కాఫీ తాగి, ఫైలు తెరిచి కూర్చున్నాడు. బెంగళూరు పెట్టెలో ముగ్గు చక్కగా పడింది. ఓనరు చప్పట్లు కొట్టాడు. మద్రాసు పెట్టె ఒక్క చుక్క పెట్టి, ఆ తర్వాత తెరంతా చుక్కలు చల్లి, ఆపకుండా కుయ్యోమని మొదలెట్టింది. సేలం పెట్టె నల్లగా అయిపోయి మాట్లాడటం మానేసింది. ఆఫీసరు పెన్నుకు మూత పెట్టాడు.

సౌభాగ్యం పట్టికను తెర మీదికి తెచ్చి చూసింది. చూసి, మెల్లగా తండ్రి వైపు తిరిగింది.

మెమరీలో ఒక చోటికి పొమ్మని చిప్పుకు చెప్పాలంటే ఆ చోటు నంబరును రెండు ముక్కలు చేసి రాయాలి. బెంగళూరు పెట్టెకు పెద్ద ముక్క ముందు రావాలి. మిగతా రెండింటికీ చిన్న ముక్క ముందు రావాలి. అలాంటి జంట వచ్చినచోటల్లా సౌభాగ్యం ముందు 999 అని గుర్తు వేసి, పెద్ద ముక్కను ఎర్ర సిరాతో రాసుకుంది.

"నాయనా, ఎర్ర నంబరు ముందు చదివినావా?"

"అవును మరి. బెంగళూరు పేజీలో సరిగ్గా ఉండాది. తక్కిన రెండిట్లో తొందర్లో తిరగేసి రాసినావు. పంక్తిలో పెద్దోళ్లు కూర్చోనుండంగా చిన్నోళ్లకు ముందు వడ్డిస్తామా? అంతా నేనే దిద్ది చదివినా" అన్నాడు బావ, మెప్పు కోసం చూస్తూ.

నాకు ఆయన్ని స్టూలుతో సహా కిటికీలోంచి విసిరేయాలనిపించింది. అన్నీ మళ్లీ కొట్టాలంటే సాయంత్రం అవుతుంది. సౌభాగ్యం ఆఫీసరును పది నిమిషాల గడువు అడిగింది. పట్టికలు ముట్టుకోలేదు. ప్రోగ్రాంలోనే నాలుగు వరుసలు కలిపింది. 999 కనిపిస్తే, మాటను మార్చే ఆ క్షణంలోనే, ఈ రెండు పెట్టెల్లో జంటను తిప్పి పెట్టమని. రెండు తెరల మీదా ముగ్గు పడింది. చివరి గీత కూడా కలిసింది.

సదాశివం లేచి నిలబడ్డాడు. మూడు పట్టికల్లోనూ పెద్ద ముక్కనే ముందు ఉంచి, ఆఖరి క్షణంలో చిప్పును బట్టి తిప్పడం చాలా మంచి పద్ధతి అన్నాడు. ఇక ఏ మార్పు చేసినా గందరగోళం ఉండదట. అన్నీ ఒకే వరుసలో రాయాలన్నది ఎవరి ఆలోచన అని తమిళంలో అడిగాడు.

"మా నాయనది" అంది సౌభాగ్యం, పళ్లు కొరుకుతూ. ఆఫీసరుకు కొరకడం కనిపించలేదు. వెళ్లి మా బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. బావ కాదనలేదు.

నెల తిరక్కుండా అనుమతి వచ్చింది. ఇన్‌స్ట్రక్టరు: తిరు (అంటే శ్రీ) నారాయణసామి.

"పోనీలే, పెద్దమనిషి. పేరు ఆయనది, పని నీది" అన్నాడు ఓనరు. సౌభాగ్యం ఏడవలేదు. మూడు పెట్టెలకూ గుడ్డలు కప్పి, వచ్చి నా పక్కన ఖాళీ మిషన్‌లో కాగితం ఎక్కించి, ఎవరిదో పట్టా అర్జీ కొట్టడం మొదలుపెట్టింది.

బావ ఆ ఉత్తరాన్ని రెండు సంతలు చూపించుకు తిరిగాడు. మూడోవారం ఇన్‌స్టిట్యూటుకు వచ్చి కూతుర్ని నా పక్కన చూశాడు.

"ఇదేమి, ఈడ కూర్చోనుండాది?"

"నీ పేరుతో దాని కుర్చీ పోయింది బావా. ఇంకా నలుగురికి చూపించుకో పో" అన్నాను.

మర్నాడు బావ సేలం బస్సెక్కాడు. నోటిమాటతో పేరు మార్చడం కుదరదు, రాసి తెమ్మన్నాడట ఆఫీసరు. రాసిచ్చాక మూడు వారాలకు ఆర్డరు సౌభాగ్యం పేరున వచ్చింది. అది సరే. నాకు మరుపురానిది ఆ కాగితం టైపైన సాయంత్రం.

సంతలో ముప్పయ్యేళ్లలో మాట ఎప్పుడు తారుమారైనా తప్పు గౌడదనేవాడు మా బావ, లేకపోతే ఎద్దుదనేవాడు. తప్పు ఒక్కసారి కూడా తన మీద పడనివ్వలేదు. అలాంటివాడు కూతురి ఎదురుగా నిలబడి తెలుగులో చెబుతుంటే ఆమె తమిళంలో కొడుతోంది. తనకు కంప్యూటర్ రాదని, నంబర్లు తిప్పి చదివింది తానేనని, దాన్ని చక్కబెట్టింది తన బిడ్డని.

"ఏం కొట్టినావో చదువు" అన్నాడు.

ఆమె చదివింది. అందులో 'చిన్న పొరపాటు' అని ఉంది.

"పొరపాటని నేను చెప్పలేదే. తప్పు చేసినానని చెప్పినా. అట్లే కొట్టమ్మా."

సౌభాగ్యం ఆ కాగితం లాగేసి, కొత్తది ఎక్కించి, ఆయన చెప్పింది చెప్పినట్టే కొట్టింది. బావ కింద తమిళంలో నిదానంగా సంతకం పెట్టాడు.